నాలుగో నొక్కు

ఐదే ఉన్నాయి. అట్టపెట్టెలో ఆరు గుంటలున్నాయి, ఐదింటిలో తూటాలున్నాయి, ఆరో గుంటలో కాస్త నూనె మరక తప్ప ఏమీ లేదు. ఆగి ఉన్న లిఫ్ట్ పెట్టె నెత్తిమీద, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ నడుమ చీకట్లో, మోకాళ్ళమీద కూర్చుని టార్చి వెలుగులో మళ్ళీ లెక్కపెట్టాను, బళ్ళో కొత్తగా చేరిన పిల్లాడిలా ఒక్కోదాన్నీ వేలితో ముట్టుకుంటూ. ఐదే. పనిముట్ల సంచీ దులిపాను. స్పానర్లు, గ్రీజు డబ్బా, కళ్ళజోడు పెట్టె, నెల కిందటి కొలతల కాగితం. తూటా ఎక్కడో జారిపోయిందని సరిపెట్టుకుందామంటే అదీ కుదరదు, ముప్పై ఏళ్ళుగా ఇలాంటి లిఫ్ట్ గోతుల్లో బతుకుతున్నవాణ్ణి, చిన్న నట్టు జారినా ఏ అంతస్తు దగ్గర దేనికి తగిలిందో చెవితోనే చెప్పగలను, పొద్దుటినుంచి ఏదీ జారలేదు. తూటాలూ రివాల్వరూ ఒకేచోట ఉండకూడదని దాన్ని ఇంట్లో ఉంచి వీటిని పనికి తెచ్చుకున్నాను, నా అంత జాగ్రత్తపరుడు ఇంకొకడు ఉండడని పొద్దున బస్సులో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు ఆ ఖాళీ గుంట వంకే చూస్తున్నాను. ఆరోది ఎక్కడుందో నాకు తెలిసిపోయింది, తెలిసీ ఇంకో రెండు నిమిషాలు సంచీ జేబులన్నీ తడిమాను, ఎక్కడైనా సరే, ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా దొరికితే చాలని.

రివాల్వర్ని నాకు అమ్మిన పాత గార్డుకి ఫోన్ చేశాను. పెద్దాయన ఒక బ్యాంకు గుమ్మం ముందు ఇరవై రెండేళ్ళు నిలబడి మొన్న వేసవిలో రిటైరయ్యాడు, ఆ బ్యాంకు లిఫ్ట్ నేనే చూస్తాను కాబట్టి పరిచయం, కాగితాలన్నీ ఆఫీసులో మార్పించుకుని పద్ధతిగానే కొన్నాను. పెట్టెలో ఐదే ఉన్నాయేమిటండీ అంటే అవతల దగ్గు వినిపించింది, మంచం కిర్రుమంది. "ఆ ఒక్కటీ ఎప్పుడూ లోపలే ఉండేది సార్" అన్నాడు చివరికి, "తీసేశాననే అనుకుంటున్నాను." తీశారా లేదా అని గట్టిగా అడిగితే తుడవటం గుర్తుంది, నూనె పెట్టడం గుర్తుంది, ఇది మాత్రం గుర్తు లేదన్నాడు. ఆయనకొక పద్ధతి ఉందట. చక్రంలో ఆరు అరలుంటే ఒక్కదాంట్లోనే తూటా పెట్టేవాడట, అదీ మొదటి మూడు నొక్కులూ ఉత్తిగా పోయి నాలుగోదానికి పేలేలా. గుమ్మంలో ఎప్పుడూ జనం ఉంటారు, కంగారులో ఎవరినో కాల్చేస్తే ఎలాగని అప్పటి మేనేజరు పెట్టిన ఏర్పాటు అది. మూడుసార్లు టక్కుమంటే ఎంతటివాడైనా కాళ్ళకు బుద్ధి చెప్తాడు, పోకపోతే అప్పుడు నాలుగోది. ఇన్నేళ్ళలో మొదటి నొక్కు అవసరం కూడా పడలేదని చెప్తున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది, వెంటనే సర్దుకుని, "ఎవరూ నొక్కలేదు కదా సార్?" అన్నాడు. నిన్న మేము మూడుసార్లు నొక్కాం.

లిఫ్ట్‌ని మెల్లగా కిందికి దించి, స్విచ్ తిప్పి, తలుపుకి పనిలో ఉంది అన్న బోర్డు తగిలించి, తాళం వేసి, ఆ తాళం సరిగ్గా పడిందో లేదో లాగి చూసి మరీ బయటికొచ్చాను. నేను చేయలేదు, చేతులు చేశాయి. టాక్సీలో కూలబడి అడ్రసు చెప్పాక గానీ ఒంటినిండా గ్రీజుందని చూసుకోలేదు, డ్రైవరు అద్దంలోంచి చూసి ఏమీ అనలేదు, మంచివాడు. మామూలుగా నలభై నిమిషాల దారి. మా ఆవిడకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆగిపోతుందని తెలుసు. ఆమె కర్టెన్లు కుట్టే మనిషి, హాల్లో కిటికీకి ఎదురుగా కరెంటు మిషను, ఈ వారం ఏదో హోటలు వాళ్ళవి అరవై తెరలు ఇవ్వాలి, మిషను తిరుగుతుంటే ఇల్లంతా బోరుమంటుంది, ఫోనేమో పడకగదిలో దిండు కింద. బయట ఉన్నవాళ్ళతో మాట్లాడేందుకు కదే ఫోను, దిండుతో మాట్లాడేందుకా అని వందసార్లు వెక్కిరించాను, వెక్కిరించే బదులు ఒక్కసారి బతిమాలి ఉంటే మిషను పక్కన పెట్టుకునేదేమో. మళ్ళీ చేశాను. మళ్ళీ దిండు కిందే మోగింది. పక్కింటివాళ్ళ నంబరు లేదు, పంతొమ్మిదేళ్ళుగా గోడకి అవతలా ఇవతలా ఉంటున్నాం, గోడ మీదినుంచి పలకరిస్తే సరిపోయేది. పోలీసులకు చెబుదామా అనుకున్నాను, వాళ్ళు తుపాకులతో తలుపు తోసుకొచ్చేసరికి లోపల ఒకడు రివాల్వరు పట్టుకుని నవ్వుతూ ఎదురొస్తాడు. వద్దు.

ఆ ఒకడు నా బావమరిది. కళ్ళజోళ్ళ కొట్టు నడుపుతాడు, నేను చత్వారం అని పిలుస్తాను, వాడు నన్ను చూసినప్పుడల్లా ఏ అంతస్తులో ఉన్నావు బావా అంటాడు, ఇద్దరం కలిస్తే చిన్నాపెద్దా తేడా ఉండదు. సోమవారం వాడి కొట్టుకి సెలవు, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే వస్తాడు. ఈరోజు సోమవారం. నిన్న వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి "రేపు నా వంతు బావా" అన్నాడు, నేను సరే రమ్మన్నాను, అదెక్కడ పెడుతున్నానో కూడా వాడి ఎదుటే పెట్టాను, పాత సూట్‌కేసులో ఉన్ని దుప్పట్ల కింద, తాళం చెవి సూట్‌కేసు మీదే. నిజానికి దాన్ని బయటికి తీయడమే నాకిష్టం లేదు. "ఇది పేలేదేనా, నీలాగా ఊరికే ఉరిమేదా?" అన్నాడు. అంతే, మా ఆవిడ కిసుక్కున నవ్వింది, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది, వాడి గుండెకి గురిపెట్టి నొక్కాను. టక్. అది ఒకటి. వాడు చేతులు చాచి సోఫాలో పడి చచ్చిపోయినట్టు నటించి, ఒక కన్ను తెరిచి, చచ్చినవాడికీ పగ ఉంటుంది బావా అని లాక్కుని నా నుదుటికి పెట్టి నొక్కాడు. టక్. రెండు. ఆ చల్లదనం ఇప్పటికీ నుదుటి మీద ఉంది. మూడోది నేను, గోడ గడియారానికి. మూడు. ఆ తర్వాత? ఆ తర్వాత అలమారు తలుపు వంక తిప్పాను, తిప్పానా, తిప్పి నొక్కానా, నొక్కానన్న గుర్తు వేలికి ఉంది, కానీ చెవిలో లేదు. నొక్కి ఉంటే అది నాలుగోది, నాలుగోది పేలలేదంటే లోపల తూటా లేనట్టే, పెద్దాయన తీసేసినట్టే, అది ఆయన మంచం కిందో ఎక్కడో దొర్లుతూ ఉన్నట్టే. దేవుడా, నొక్కి ఉండాలి. కళ్ళు మూసుకుని హాలంతా మళ్ళీ నిలబెట్టుకున్నాను, సోఫా, వాడి చెప్పులు, గడియారంలో మూడూ పది, మా ఆవిడ ఇక చాలు లోపల పెట్టండి అనడం, అలమారు. చాలు అన్నది అలమారుకి ముందా, తర్వాతా? ముందే అయితే నేను ఆగిపోయి ఉంటాను, ఆమె గొంతు అలా మారితే నేను ఆగుతాను, ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఒకసారి ముందే వస్తోంది, ఒకసారి తర్వాత వస్తోంది, నాకు కావలసినట్టు వస్తోంది. నాకు కావలసినట్టు వచ్చే జ్ఞాపకాన్ని ఎలా నమ్మను?

ఉక్కు తాడు కొత్తదని కంపెనీవాడు సీలు వేసిన కాగితం చూపించినా, చేత్తో ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడమందే సంతకం పెట్టని మనిషిని. లిఫ్టులు పడేది తాడు తెగి కాదురా, చూడకుండా చూశానని రాసినవాడి వల్ల అని నాకు పని నేర్పిన మేస్త్రి తిట్టిన తిట్టు ఇంకా చెవిలోనే ఉంది. అలాంటి నేను రివాల్వరు చక్రం తెరిచి చూడలేదు. పెద్దాయన ఖాళీ సార్ అన్నాడు, నేను సరే అన్నాను. ఎందుకు తెరవలేదో ఇప్పుడు దాచి ఏం లాభం, భయమేసింది. తెరుస్తుంటే ఎక్కడ పేలుతుందోనని. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను, గలగలలాడలేదు, ఖాళీయే అనుకున్నాను, అదేమన్నా కొబ్బరికాయా? భయం పోవడానికి కొన్న వస్తువది. రెండు నెలల కిందట ఒక పెద్ద హోటల్లో తాళ్ళు పుచ్చిపోయిన లిఫ్ట్‌కి సీలు వేశాను, అప్పటినుంచి నంబరు కనపడని ఫోన్లు. తిట్టడు, బెదిరించడు, మీ గేటు గొళ్ళెం వదులుగా ఉంది సార్ అంటాడు, మేడమ్ గారు కిటికీ దగ్గరే కూర్చుంటారు కదా సార్ అంటాడు, పెట్టేస్తాడు. ఆ మాట విన్నాక నిద్ర పోయింది, తిండి పోయింది, మిషను కిటికీ దగ్గరినుంచి జరుపుకోమంటే వెలుతురు ఎవరిస్తారు మీరిస్తారా అంది. మా ఆవిడకు భయం లేదు. ఆమె వంతు కూడా నేనే పడ్డాను, పడి పడి చివరికి వెళ్ళి దాన్ని తెచ్చి నట్టింట్లో పెట్టాను.

వంతెన దగ్గర టాక్సీ ఆగిపోయింది. ముందు పొడవాటి సిమెంటు గొట్టాలు మోసుకెళ్ళే లారీ ఒకటి అడ్డం తిరగలేక నిలబడింది, చుట్టూ హారన్లు, ఎండ, ఎవరో ఇద్దరు కుర్చీలు నెత్తిన పెట్టుకుని కార్ల సందుల్లోంచి తీరిగ్గా నడిచిపోతున్నారు. చత్వారానికి ఫోన్ చేశాను. ఒకసారి మోగి కట్ అయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశాడు. అది మా ఆట. నేను చేస్తే వాడు ఎత్తడు, వాడు చేస్తే నేను ఎత్తను, ఎవరు ముందు విసుగొచ్చి మెసేజ్ పెడితే వాళ్ళు ఓడినట్టు. మూడోసారి కట్ చేసి ఫొటో పంపించాడు. రివాల్వరు కణతకి ఆనించుకుని, నాలుక బయటపెట్టి, కళ్ళు తేలేసి ఉన్నాడు. కింద, ఏ అంతస్తులో ఉన్నావు బావా, నేను పై అంతస్తుకి వెళ్ళిపోతున్నా అని రాశాడు. వాడి భుజం పక్కన, కాస్త మసగ్గా, కిటికీ వెలుతురులో మా ఆవిడ వీపు, వంగి కుడుతోంది, మెడలో కొలత టేపు. వాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఫొటోని పెద్దది చేసి చూశాను, వేలు దాని మీదే ఉంది, గోరు తెల్లబడలేదు, అంటే ఇంకా నొక్కడం లేదు. వెంటనే, ముట్టుకోకు, అందులో తూటా ఉంది, కింద పెట్టెయ్ అని రాశాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు వచ్చింది, "కొట్టు తగలబడుతోందా బావా?" పక్కన నవ్వే బొమ్మలు ఐదో ఆరో.

పోయినేడు చలికాలంలో నేనే వాడికి మీ కొట్టు తగలబడుతోంది పరిగెత్తు అని మెసేజ్ పెట్టాను. వాడు ఒక కాలికి చెప్పు, ఒక కాలికి సాక్సుతో రొప్పుతూ ఏడుస్తూ వచ్చేసరికి కొట్టు ముందు స్టూలేసుకుని కూర్చుని టీ తాగుతున్నాను. అంతకుముందు వాడు ఆడగొంతుతో ఫోన్ చేసి పదకొండో అంతస్తులో ఇరుక్కున్నాను రక్షించండి అన్నాడు, నేను వెళ్తే ఆ భవనానికి తొమ్మిది అంతస్తులే ఉన్నాయి. అలా మొదటినుంచీ. పెళ్ళిరోజున ఫొటో తీస్తుంటే నా కోటు గుండీలు ఒకటొకటే రాలిపోయాయి, దారాలన్నీ ముందే కత్తిరించి పెట్టాడు, అప్పటికి వాడికి పన్నెండేళ్ళు, అక్క చంక దిగని వయసులో తల్లి పోతే అక్కే పెంచింది, ఆ అక్కని నేను తీసుకెళ్ళిపోతున్నానన్న కక్షంతా గుండీల మీద చూపించాడు. నాకు కోపం రాలేదు, వాడి మీద మొదటిసారి ఇష్టం కలిగింది అప్పుడే. కొట్టు తగలబడుతోందన్న రోజున మాత్రం టీ గ్లాసు నా చేతిలోంచి లాక్కుని తాగేసి, ఇక నీ మాట నిజమే అయినా నమ్మను బావా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఇవాళ ఏం రాసినా, ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఒట్టు పెట్టినా, అక్క మీద ఒట్టు పెట్టినా, వాడికి స్టూలు మీద టీ తాగుతున్న బావే కనిపిస్తాడు.

అంతలో ఫోను మోగింది. నంబరు కనపడలేదు. ఈ రెండు నెలలూ ఆ మోత వింటే కాళ్ళు చల్లబడేవి, ఇప్పుడు లైను ఆపేస్తున్నాడన్న కోపం తప్ప ఏమీ కలగలేదు. "ఏం సార్, భయమేస్తోందా?" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. అవునయ్యా అన్నాను. మీవాళ్ళెవరైనా మా గేటు దగ్గరున్నారా, ఉంటే ఒక్క పని చేసిపెట్టండి, గొళ్ళెం వదులుగానే ఉంది, తీసుకుని లోపలికెళ్ళి నా బావమరిది చేతిలో తుపాకీలో తూటా ఉందని చెప్పండి, నా మాట నమ్మడు, మీ మాటైనా నమ్ముతాడు, ఆ లిఫ్ట్ సంగతి రేపు మాట్లాడుకుందాం, మీకు దండం పెడతాను అని గడగడా చెప్పాను. డ్రైవరు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. అవతల ఊపిరి చప్పుడు కాసేపు వినిపించింది, ఆ తర్వాత పెట్టేశాడు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ ఊపిరికా అనిపించింది, అదీ ఒక్క క్షణమే, లారీ ఇంకా కదలలేదు.

రాస్తే నమ్మడు. గొంతు వింటే? గొంతు పంపాలంటే ఏమని పిలవాలి? ఒరేయ్ అంటే ఆట, చత్వారం అంటే ఆట, అరిస్తే ఇంకా పెద్ద ఆట. ఇన్నేళ్ళలో వాడితో ఆట కాకుండా ఒక్క మాటా అన్నట్టు లేదు, వాడి భార్య వదిలేసి వెళ్ళిపోయిన రోజున కూడా పక్కన కూర్చుని కళ్ళజోడు మార్చుకోరా, మంచి పిల్ల కనపడుతుంది అన్నాను తప్ప, గుండె తరుక్కుపోతోందని చెప్పలేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. "నాన్నా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వాడి కోసం ఎలా వచ్చిందో తెలియదు. "నాన్నా, నేను ఏడుస్తున్నాను. టాక్సీలో ఉన్నాను. గార్డు ఒక తూటా లోపల మరిచిపోయాడు, మూడు ఉత్తివి, నాలుగోది పేలుతుందట, నిన్న మనం మూడు నొక్కాం. నేను తెరిచి చూడలేదు, తప్పు నాది. కొట్టు తగలబడుతోందని ఏడిపించినందుకు క్షమించు. నువ్వు లేకపోతే మీ అక్క బతకదు, నేనూ బతకను. దాన్ని నేల మీద పెట్టి అక్కని తీసుకుని బయటికి వచ్చెయ్యి నాన్నా." మధ్యలో గొంతు రెండుసార్లు తెగింది, సర్దలేదు, అలాగే పంపించాను. చేరినట్టు గుర్తు పడింది. విన్నట్టు గుర్తు పడలేదు. ఆ చిన్న గుర్తు రంగు మారుతుందేమోనని రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం. మూడు నిమిషాలు. డ్రైవరు వెనక్కి తిరిగి, దిగి పరిగెత్తండి సార్, ఇది ఇప్పట్లో కదలదు అన్నాడు, డబ్బులు తీస్తుంటే వద్దు పొమ్మన్నాడు.

పరిగెత్తాను. నాలుగైదు అంతస్తులు మెట్లెక్కితేనే ఆయాసపడే యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, జేబులో ఐదు తూటాలు తొడకి కొట్టుకుంటున్నాయి, మందుల షాపు, టైర్ల దుకాణం, బడి గోడ, ఈ దారిలో రోజూ నడిచేవాణ్ణే, ఇంత పొడవుందని తెలియదు. ఎక్కడో టపాలున చప్పుడైంది, నిలబడిపోయాను, ఎవరో షట్టర్ దించారు. ప్రతి చప్పుడూ అదే. పేలి ఉంటే మా వీధిలో జనం గుమిగూడి ఉంటారు, గుమిగూడకపోతే పేలనట్టు, మలుపు తిరిగేదాకా అది తెలియదు, మలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి, నిజంగా ఆగిపోయాయి, తిరగకపోతే ఇంకా ఏమీ జరగనట్టే కదా అన్నట్టు. జేబులోంచి ఫోను తీసి చూశాను. విన్నట్టు గుర్తు పడి ఉంది. ఎప్పుడు విన్నాడో. జవాబు లేదు, బొమ్మలు లేవు. మలుపు తిరిగాను. వీధి ఖాళీగా ఉంది, మా ఇంట్లోంచి మిషను బోరుమంటున్న చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు వినగానే గేటు పట్టుకున్నాను. మిషను దానంతటది తిరగదు. ఆమె పాదం దాని మీద ఉంది.

చత్వారం వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏ అంతస్తని అడగలేదు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు, ఒళ్ళో చేతిరుమాలు మడిచి పెట్టుకున్నాడు, రివాల్వరు దూరంగా, గోడ మూల, చక్రం తెరిచి పడి ఉంది. నేను పక్కన కూలబడ్డాను, భుజం మీద చెయ్యి వేశాను, బతికే ఉన్నాడు, వెచ్చగా ఉన్నాడు, ఇక ఏదైనా సరే అనుకున్నాను. వాడు రుమాలు విప్పాడు. ఇత్తడి తూటా, వెనక భాగం నల్లబడింది, సరిగ్గా నడుమ చిన్న సొట్ట. దగ్గరికి తీసుకుని చూశాను. రివాల్వరు సుత్తి తగిలిన సొట్ట. తగిలింది, పేలలేదు, అంతే. అలమారు వంక నేను నొక్కలేదు, లేదా నొక్కాను, ఈ సొట్ట నిన్న నాతోనే పడి ఉండొచ్చు, ఆ ఆశ ఇంకా వదల్లేదు నన్ను. ఎప్పుడు అన్నాను.

"నీ గొంతు వినకముందే బావా. ఫొటో పెట్టాక." వాడు నేల వంక చూస్తూ చెప్తున్నాడు. తెరిచి చూసేసరికి సుత్తి కింద ఇదే ఉందట, అంటే ఆఖరి నొక్కు వాడిదే. "చప్పుడు కూడా నిన్నటిలాగే వచ్చింది. తేడా ఏం లేదు."

నీ కణతకా అన్నాను. కాదని తల ఊపాడు. తల లోపలివైపు తిప్పి, కిటికీ వైపు, మళ్ళీ దించేసుకున్నాడు. కణత దగ్గర పెట్టుకుంటే ఎందుకో భయమేసిందట, అక్కని ఉలిక్కిపడేలా చేద్దామని అటు తిప్పాడట. ఆమె వెనక్కి చూడను కూడా చూడలేదు, మళ్ళీ మొదలెట్టావా అని కుట్టుకుంటూ పోయిందట. నిన్న నేను నొక్కినదానికీ ఇవాళ వాడు నొక్కినదానికీ మధ్య ఏ తేడా లేదు, నా నుదుట్లోనో వాడి గుండెలోనో దిగాల్సింది ఆమె వీపు వంక తిరిగింది, ఏదో తేమకో ఏళ్ళ తుప్పుకో లోపలి మందు చచ్చి ఉండటంతో ఆగిపోయింది, మా మంచితనం వల్ల కాదు, నా జాగ్రత్త వల్ల అసలే కాదు. వాడు నా చెయ్యి పట్టుకుని అక్కకి చెప్పకు బావా అన్నాడు, పన్నెండేళ్ళప్పటి గొంతుతో. చెప్పను అన్నాను. ఎందుకు చెప్పాలి, తెలిస్తే ఏం లాభం, ఈ తూటాని ఏ కాలవలోనో పారేస్తే ఆమె అరవై తెరలూ కుట్టుకుంటుంది.

మిషను ఆగింది. ఒంటినిండా దారప్పోగులతో మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బావా బావమరుదులిద్దరూ ఎండలో కూర్చుని ఏం కుట్ర పన్నుతున్నారు, ఈసారి ఎవరిని చంపుతారు అంది నవ్వుతూ. మామూలుగా అయితే ఇద్దరం ఒకరి పేరు ఒకరం చెప్పాలి. ఎవరమూ నవ్వలేదు. ఆమె ముందు నన్ను చూసింది, గ్రీజు, చెమట, ఏడ్చిన కళ్ళు. తర్వాత తమ్ముణ్ణి. ఇన్నేళ్ళలో మేమిద్దరం పక్కపక్కన ఉండి నవ్వకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. రుమాలు మూసేద్దామనుకున్నాను, చెయ్యి కదల్లేదు. వంగి, తూటాని రెండు వేళ్ళతో తీసుకుని, తిప్పి, ఆ సొట్టని చూసింది. చాలాసేపు చూసింది. "ఇందాకటిదేనా?" అంది.

"అవునక్కా."

మెల్లగా మా ఇద్దరి మధ్య మెట్టు మీద కూర్చుంది. కుడిచెయ్యి భుజం మీదినుంచి వెనక్కి వెళ్ళి వీపు మీద ఏదో చోటు కోసం వెతికింది, అందలేదు. నేను నా చెయ్యి పెట్టాను. "ఇక్కడేనా రా?" అని తమ్ముణ్ణి అడిగింది. వాడు నా చేతి వంక చూశాడు.

"కొంచెం ఎడమకి అక్కా."

చెయ్యి కొంచెం ఎడమకి జరిపాను. అక్కడ కొట్టుకుంటోంది.